గోడౌన్‌లో ఉన్నది, లెక్కలో ఉన్నది ఒకటే కావాలంటే: చిన్న డిస్ట్రిబ్యూటర్లకు సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో చిన్న డిస్ట్రిబ్యూటర్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది: "కంప్యూటర్‌లో 40 పెట్టెలు చూపిస్తోంది, రాక్‌లో 31 ఉన్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటారు?"

సాఫ్ట్‌వేర్ సంగతి చివర్లో చెప్తాను. ఆ తొమ్మిది పెట్టెలు పోయింది కంప్యూటర్‌లో కాదు, చీటీ లేకుండా సరుకు కదిలిన చోట. అలాంటి చోట్లు నాలుగే: లారీ దిగేటప్పుడు, ఒక రాక్ నుంచి ఇంకో రాక్‌కు మారేటప్పుడు, బండి ఎక్కేటప్పుడు, వాపసు వచ్చేటప్పుడు. కింద చెప్పేదంతా ఈ నాలుగు చోట్ల కాపలా పెట్టడం గురించే.

రెండు వేల నుంచి పది వేల చదరపు అడుగుల గోడౌన్, నలుగురైదుగురు మనుషులు, కిరాణా, ఎలక్ట్రికల్, హార్డ్‌వేర్ లాంటి సరుకు ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. కింద ఇచ్చిన వరుసలోనే చేయండి. ఐటమ్ లిస్ట్ సరిచేయకుండా రాక్‌లకు నంబర్లు వేస్తే పని రెండుసార్లు అవుతుంది.

1. చోటు చూసుకోవడం

అద్దె ఒక్కటే చూడొద్దు. మీ సరుకు ఏ వైపు నుంచి వస్తుంది, ఏ వైపు పోతుంది అన్నది ముందు తేల్చుకోండి. నాగ్‌పూర్ వైపు నుంచి వస్తే మేడ్చల్, కొంపల్లి, గుండ్లపోచంపల్లి. ముంబై, భివండీ సరుకైతే పటాన్‌చెరు. బెంగళూరు వైపు లేదా విమాన కార్గో అయితే శంషాబాద్. విజయవాడ రోడ్డు సరుకైతే హయత్‌నగర్ దాటాక బాటసింగారం వైపు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వీటన్నిటినీ కలుపుతుంది కాబట్టి పెద్ద లారీ ఊళ్లోకి రాకుండానే పని అయిపోతుంది.

పగటిపూట నగరంలో లారీలకు ఆంక్షలు ఉంటాయి. గోడౌన్ ఊరి మధ్యలో ఉంటే దించుకోవడమంతా రాత్రిపూటే. అద్దెలో మిగిలింది హమాలీ ఖర్చులో పోతుంది.

అగ్రిమెంట్‌కు ముందు చూడాల్సినవి:

- పెద్ద లారీ గేటు దాకా వచ్చి తిరగగలదా? కరెంటు తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయి?
- నేల రోడ్డు కంటే ఎత్తులో ఉందా? 2020 అక్టోబరు వానలకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పక్క గోడౌన్ వాచ్‌మన్‌ను అడగండి. ఓనర్‌ను అడిగితే "చుక్క కూడా రాలేదు" అనే అంటాడు.
- రేకుల కప్పు అయితే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లి పావుగంట లోపల నిలబడండి. చాక్లెట్లు, సౌందర్య సాధనాలు, టేపులు, గమ్ములు అక్కడ ఉంటాయో కరుగుతాయో మీకే తెలుస్తుంది.
- మొదటి వాన పడిన మర్నాడు రేకుల మేకుల దగ్గర కారుతోందా చూడండి.

2. కాగితాలు

ఇక్కడ ఎక్కువ సేపు ఆగక్కర్లేదు, కానీ ఒక్కటీ వదలొద్దు.

- గోడౌన్ చిరునామాను జీఎస్‌టీ రిజిస్ట్రేషన్‌లో అదనపు వ్యాపార స్థలంగా చేర్చండి. చేర్చకుండా అక్కడ సరుకు దించితే తనిఖీలో మొదట పట్టుకునేది అదే.
- స్టాక్ లెక్కల్లో తొలి నిల్వ, వచ్చింది, పోయింది, మిగిలిందే కాదు, పాడైనది, దొంగతనంలో పోయినది, శాంపిల్‌గా ఇచ్చినది కూడా విడిగా కనబడాలి. కాంపొజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లకు ఇందులో మినహాయింపు ఉంది.
- పాడై కొట్టేసిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీకి వచ్చే తగ్గింపు) వెనక్కి కట్టాలి. కాబట్టి డ్యామేజ్‌ను సంవత్సరం చివర్లో ఒక్కసారిగా చూపించకుండా ఏ నెలది ఆ నెలలోనే తేల్చండి.
- ఆహార పదార్థాలైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ ఈ చిరునామాకు ఉండాలి. మందులైతే డ్రగ్ లైసెన్స్.
- రూ.50,000 దాటిన సరుకు రవాణాకు ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన ఆన్‌లైన్ జీఎస్‌టీ పత్రం). మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు.
- బీమా కాగితంలో వరద, దొంగతనం కవర్ అవుతున్నాయా, గోడౌన్ చిరునామా సరిగ్గా ఉందా, రాసిన విలువ మీ పండగ సీజన్ స్టాక్‌కు సరిపోతుందా అని చూడండి. ఆషాఢం స్టాక్ విలువకు బీమా చేసి, దీపావళి సరుకు నింపుకునేవాళ్లు చాలామంది.

3. ఐటమ్ లిస్ట్ శుభ్రం చేయడం

ఒక ఐటమ్‌కు ఒకే పేరు, ఒకే కోడ్. "వైర్ 1.5 ఎరుపు", "1.5 రెడ్ వైర్", "ఎరుపు వైరు 1.5 ఎస్‌క్యూ" మూడూ ఒకటేనని మీ పాత గుమస్తాకు తెలుసు. అతను సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు బిల్లు కొట్టే కుర్రాడికి తెలియదు. మూడు పేర్ల మీద బిల్లులు పోతాయి, మూడు నిల్వలూ తప్పే.

ప్రతి ఐటమ్‌కు ఇవి నింపండి: కోడ్, పేరు, సైజు, కనీస యూనిట్, పెట్టెలో ఎన్ని, ఎంఆర్‌పీ, బ్యాచ్, ఎక్స్‌పైరీ అవసరమా కాదా.

అసలు చిక్కంతా యూనిట్ దగ్గర. కొనేది పెట్టెల్లో, అమ్మేది డజన్లలో, చిల్లర పీసుల్లో. లెక్క ఎప్పుడూ అన్నిటికంటే చిన్న యూనిట్‌లోనే ఉంచండి. పెట్టెలు, డజన్లు కంప్యూటర్ మార్చి చూపించాలి, మనిషి మార్చకూడదు. కంపెనీ చెప్పాపెట్టకుండా పెట్టెకు 24 నుంచి 20కి మార్చేస్తుంది. అట్ట రంగు అదే, పేరు అదే. ఆ రోజు నుంచి ప్రతి పెట్టెకూ నాలుగు పీసులు "మాయం" అవుతూ ఉంటాయి. ప్యాకింగ్ మారితే కొత్త కోడ్ పెట్టండి, పాతదాన్ని దిద్దకండి.

ఎంఆర్‌పీ మారినా అంతే. 2025 సెప్టెంబరు 22న జీఎస్‌టీ రేట్లు మారినప్పుడు ఒకే సబ్బు రెండు ధరలతో పక్కపక్కనే కూర్చుంది. ఎంఆర్‌పీల వారీగా స్టాక్ విడిగా పెట్టుకున్నవాళ్లకు ఆ వారం పెద్ద ఇబ్బంది లేదు. మిగతావాళ్లు పెట్టెలు విప్పుకుంటూ కూర్చున్నారు.

4. ప్రతి గడికీ ఒక చిరునామా

ముందు నేలను విడదీయండి. పసుపు పెయింటు గీతలు చాలు.

- దింపిన సరుకు ఆగే చోటు
- నిల్వ రాక్‌లు
- బండికి సిద్ధమైన సరుకు
- వాపసు, డ్యామేజ్ (జాలీ తలుపు, తాళం)
- కంపెనీ ఆపమన్న సరుకు

గేటు దగ్గర దింపుడుకూ ఎక్కింపుకూ ఒకే చోటు వాడితే, పొద్దున వచ్చిన పెట్టె బిల్లు లేకుండానే సాయంత్రం బండెక్కుతుంది. తలుపు ఒక్కటే ఉంటే కనీసం వేళలు వేరు చేయండి: పొద్దున దింపుడు, మధ్యాహ్నం నుంచి ఎక్కింపు.

చిరునామా ఇలా ఇవ్వండి: వరస, రాక్, అర, గడి. ఉదాహరణకు బి-03-2-4 అంటే బి వరసలో మూడో రాక్, కింది నుంచి రెండో అర, ఎడమ నుంచి నాలుగో గడి. అరలను కింది నుంచే లెక్కపెట్టండి. పైన ఇంకో అర బిగించినా పాత నంబర్లు చెడవు.

హమాలీల్లో, రాక్ నుంచి సరుకు తీసే కుర్రాళ్లలో బిహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు చాలామంది. బోర్డు మీద తెలుగు పేరు కంటే పెద్ద అంకె, వరసకో రంగు బాగా పనిచేస్తాయి. వాళ్లు వచ్చిన మొదటి రోజే పని అందుకుంటారు.

ఏది ఎక్కడ పెట్టాలి:

- రోజూ పోయేది ఎక్కింపు తలుపు దగ్గర, నడుము ఎత్తులో
- బరువైనది కింద, తేలికైనది పైన
- సబ్బు, అగరుబత్తి, ఫినాయిల్ ఎప్పుడూ టీపొడి, బియ్యం, బిస్కెట్ల పక్కన వద్దు, వాసన పట్టేస్తుంది
- ఒకేలా కనబడే రెండు ఐటమ్‌లు పక్కపక్క గడుల్లో వద్దు. 9 వాట్ల బల్బు, 12 వాట్ల బల్బు మధ్య కనీసం ఒక రాక్ దూరం ఉంచండి

ఏ సరుకూ నేల మీద పెట్టొద్దు. 1200 × 1000 మిల్లీమీటర్ల ప్యాలెట్లు (సరుకు పేర్చే పీటలు) సులువుగా దొరుకుతాయి. గోడకు అడుగున్నర ఖాళీ వదలండి. చెమ్మ, చెదలు, ఎలుక మూడూ గోడ వెంటే వస్తాయి. చేతి ట్రాలీ తిరగాలంటే రెండు మీటర్ల దారి చాలు, మామూలు ఫోర్క్‌లిఫ్ట్ అయితే మూడున్నర నుంచి నాలుగు కావాలి. కొనకముందే దారి కొలవండి.

5. లారీ దించుకోవడం

నన్నడిగితే లెక్కలో సగం రోగాలు ఇక్కడ పుట్టినవే. డ్రైవర్‌కు తొందర, హమాలీకి తొందర, రాత్రి పదకొండు, గేటు దగ్గర లైటు లేదు. ఆ తొందరలో గుమస్తా ఇన్‌వాయిస్ చూసి "240 వచ్చాయి" అని టిక్కు పెట్టేస్తాడు. అతను లెక్కపెట్టలేదు, కాగితం మీద ఉన్నది చదివాడంతే.

వరుస ఇది.

మొదట కాగితాలు తీసుకోండి: ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు, ఎల్‌ఆర్ (రవాణా సంస్థ ఇచ్చే లారీ రసీదు). లారీ నంబర్ సరిపోయిందా చూడండి. సీలు ఉంటే తెంచకముందే ఫోటో తీయండి.

లెక్కపెట్టే మనిషికి ఇన్‌వాయిస్ ఇవ్వకండి. ఐటమ్ పేర్లు ఉండి, అంకెల చోట ఖాళీగా ఉన్న చీటీ ఇవ్వండి. అతను రాసిన అంకెను ఆఫీసులో ఉన్నవాళ్లు ఇన్‌వాయిస్‌తో పోల్చాలి. ఈ ఒక్క మార్పు తెచ్చినంత తేడా ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు.

దించేటప్పుడు ప్రతి ప్యాలెట్ ఒకే లెక్కలో పేర్చాలి. పొరకు 8 పెట్టెలు, 5 పొరలు, అంటే 40. తర్వాతిదీ 40. మిగిలిన పెట్టెలు, ఎన్ని ఉన్నా, చివరి ప్యాలెట్ మీదే. అప్పుడు 240 అంటే ఆరు నిండు ప్యాలెట్లు, దూరం నుంచి చూసినా తెలుస్తుంది. ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో పేరిస్తే నలుగురు నాలుగు లెక్కలు చెప్తారు. మధ్యలో డొల్ల ఉందేమో పైనుంచి ఒకసారి చూడండి. గోడకు ఆనించి పేర్చిన గుట్టలో వెనక వరస లేకపోయినా ముందు నుంచి నిండుగానే కనబడుతుంది.

అట్ట మూల నలిగిన పెట్టె, అడుగు తడిసిన పెట్టె, టేపు రెండుసార్లు వేసిన పెట్టె డ్రైవర్ ముందే విప్పండి. తక్కువ ఉన్నా, పగిలినా ఎల్‌ఆర్ మీద రాసి, డ్రైవర్ సంతకం తీసుకున్నాకే మీ సంతకం. "ఫోన్లో చెప్పాను కదా" అంటే తర్వాత క్లెయిమ్ రాదు.

ఇక స్కీమ్ సరుకు. పదికి ఒకటి ఫ్రీ అని వస్తే బిల్లులో 10కి డబ్బు ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో 1 ఫ్రీ. గుమస్తా 10 ఎక్కిస్తాడు. రాక్‌లో 11 ఉంటాయి. ఆ పదకొండోది లెక్కలో లేదు కాబట్టి పోయినా ఎవరూ అడగరు, అది అందరికీ తెలుసు కూడా. ఫ్రీ సరుకును సున్నా ధరతోనైనా స్టాక్‌లోకి ఎక్కించాల్సిందే.

రాక్‌లోకి వెళ్లేముందు చెక్‌లిస్ట్:

- కాగితం చూడకుండా లెక్కించిన అంకె, ఇన్‌వాయిస్ అంకె పోల్చారా?
- బ్యాచ్, ఎక్స్‌పైరీ, ఎంఆర్‌పీ రాశారా?
- ఫ్రీ సరుకు ఎక్కిందా?
- జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు రాసే చీటీ) నంబర్ పడిందా?
- ఏ గడిలో పెట్టారో ఆ చీటీ మీదే రాశారా?

ఐదింటిలో ఒక్కటి మిగిలినా సరుకు పసుపు గీత దాటకూడదు. కొనేవాడు కౌంటర్‌లో నిలబడి ఉన్నా సరే.

6. పాతది ముందు పోవాలి

మొదట వచ్చింది మొదట పోవాలన్నది అందరికీ తెలిసిందే. ఆచరణలో కొత్త లారీ సరుకును ముందు పడేస్తారు, పాతది వెనక్కి పోతుంది. రెండు వైపుల నుంచీ అందే రాక్ అయితే వెనక నుంచి నింపి ముందు నుంచి తీయండి. గోడ పక్క రాక్ అయితే ఒక ఐటమ్‌కు రెండు గడులు ఇచ్చి, ఒకటి ఖాళీ అయ్యేదాకా రెండోది తెరవొద్దు.

ఎక్స్‌పైరీ ఉన్న సరుకుకు ఈ నియమం చాలదు. ఇంకో డిపో నుంచి మళ్లించిన సరుకు నిన్ననే వచ్చినా, గడువు పాతదాని కంటే ముందే ముగియొచ్చు. అక్కడ వచ్చిన తేదీ చూడొద్దు, గడువు తేదీ చూడండి. పెట్టె మీద మార్కర్‌తో నెల, సంవత్సరం అరచేయంత అక్షరాలతో రాయించండి. మూడు నెలల్లో గడువు ముగిసేవాటి జాబితా ప్రతి నెలా 1న సేల్స్‌మెన్ చేతికి వెళ్లాలి.

7. ఎప్పుడు తెప్పించాలి, ఎంత తెప్పించాలి

ముందు ఐటమ్‌లను మూడు గుంపులు చేయండి. ఏడాది అమ్మకపు విలువ ప్రకారం పెద్దవాటి నుంచి చిన్నవాటికి వరసగా పేర్చండి. పై నుంచి కూడుతూ వస్తే మొత్తం విలువలో సుమారు 70 నుంచి 80 శాతం కొద్ది ఐటమ్‌లలోనే తేలుతుంది. అవి ఎ. తర్వాతి 15 శాతం బి. మిగిలిన చిల్లరంతా సి. మీ టైము, మీ టెన్షన్ అంతా ఎ మీదే పెట్టండి.

ఆర్డర్ పెట్టాల్సిన మట్టానికి లెక్క ఇది. రోజుకు సగటున 20 పెట్టెలు పోతాయి, గిరాకీ రోజున 32. కంపెనీ నుంచి సరుకు సగటున 5 రోజుల్లో వస్తుంది, ఆలస్యమైతే 8.

- జాగ్రత్త నిల్వ = (32 × 8) − (20 × 5) = 256 − 100 = 156
- ఆర్డర్ మట్టం = (20 × 5) + 156 = 256

గిరాకీ కూడా, ఆలస్యం కూడా ఒకేసారి వస్తే ఎలా అన్న భయంతో కట్టిన లెక్క ఇది. ఖరీదైన ఎ సరుకుకు ఇంత నిల్వ అంటే డబ్బు పడుకున్నట్టే. కంపెనీ డిపో ఊళ్లోనే ఉంటే సగానికి తగ్గించుకోవచ్చు. 256తో పోల్చాల్సింది రాక్‌లో ఉన్నదాన్ని కాదు. రాక్‌లో ఉన్నది, దారిలో ఉన్నది కలిపి, బిల్లు అయి ఇంకా పోనిది తీసేసి చూడాలి. దారిలో ఉన్నది మర్చిపోయి రెండోసారి ఆర్డర్ పెట్టడం ఎక్కువగా జరిగే పొరపాటు.

ఎంత అన్నదానికి: ఏడాదికి 6,000 పెట్టెలు, ఒక్కో ఆర్డర్ ఖర్చు రూ.600, ఒక పెట్టెను ఏడాది నిల్వ ఉంచే ఖర్చు (వడ్డీ, అద్దె, డ్యామేజ్ కలిపి) రూ.180 అనుకుందాం. 2 × 6,000 × 600 ను 180తో భాగిస్తే 40,000. దాని వర్గమూలం 200. ఆర్డర్‌కు 200 పెట్టెలు. ఇది మొదలుపెట్టడానికి ఒక అంకె మాత్రమే. లారీ నిండటానికి, స్కీమ్ శ్లాబుకు తగ్గట్టు సర్దుకోండి. కానీ నెలాఖరు టార్గెట్ కోసం కంపెనీ సేల్స్ ఆఫీసర్ 600 దించమంటే ఈ కాగితం చూపించండి.

రంజాన్, బోనాలు, దసరా, దీపావళి, సంక్రాంతి గిరాకీని సగటులో కలపొద్దు. పోయిన ఏడాది అదే పండగకు ముందు నాలుగు వారాల అమ్మకం విడిగా తీయండి. రంజాన్ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందే వస్తుంది కాబట్టి క్యాలెండర్ తేదీతో కాకుండా పండగ తేదీతో పోల్చాలి.

8. బిల్లు నుంచి బండి దాకా

- పిక్ చీటీ (రాక్‌ల నుంచి ఏవి తీయాలో రాసిన చీటీ) గడి నంబర్ల వరసలో రావాలి, బిల్లు వరసలో కాదు.
- తీసినవాడు, సరిచూసినవాడు ఒకరే కాకూడదు.
- చివరి దుకాణం సరుకు ముందు ఎక్కాలి. కొంపల్లి నుంచి సుచిత్ర, బాలానగర్, కూకట్‌పల్లి, మియాపూర్ రూట్ అయితే మియాపూర్ పెట్టెలు లోపలికి, సుచిత్రవి తలుపు దగ్గరికి.
- బండి కదిలేముందు బిల్లుల సంఖ్య, పెట్టెల సంఖ్య గేటు పుస్తకంలో రాయాలి. డ్రైవర్ సంతకం.

"సేటు అడిగారు, బిల్లు తర్వాత కొడతాం" అని పెట్టె ఇచ్చేయడం మన మార్కెట్లో మామూలే. ఆపలేరు. దానికి డెలివరీ చలాన్ (బిల్లు లేకుండా ఇచ్చిన సరుకు రాసే చీటీ) పుస్తకం పెట్టండి, ఆ రోజు షట్టర్ దించేలోపు ప్రతి చలాన్‌కూ బిల్లు పడాలి.

9. వాపసు

సాయంత్రం బండి తెచ్చిన వాపసు పెట్టెను ఎవరో ఒకరు రాక్‌లో తోసేస్తారు. అలా వద్దు. నేరుగా తాళం గదిలోకి వెళ్లాలి. మర్నాడు పొద్దున మూడుగా విడదీయండి: మళ్లీ అమ్మేది, కంపెనీకి పంపేది, పారేసేది. క్రెడిట్ నోట్ (వాపసు విలువను కొన్నవాడి ఖాతాలో తగ్గించే కాగితం) పడ్డాకే మొదటిది రాక్‌లోకి. కంపెనీకి పంపాల్సినదానికి క్లెయిమ్ గడువు రాసి పెట్టండి.

10. లెక్కింపు, తేడాను చదవడం

ఏడాదికోసారి మార్చి 31న అంతా లెక్కపెడితే, తేడా ఏ నెలలో వచ్చిందో తెలియదు. రోజూ కొన్ని గడులు లెక్కపెట్టండి. ఎ ఐటమ్‌లు నెలకోసారి, బి మూడు నెలలకోసారి, సి ఏడాదికి రెండుసార్లు. పొద్దున షట్టర్ తీశాక, మొదటి లారీ రాకముందు అరగంట చాలు. లెక్కపెట్టేవాడికి పుస్తకం అంకె తెలియకూడదు.

40 గడులు లెక్కిస్తే 37 సరిపోయాయనుకోండి, 92.5 శాతం. మొదట్లో ఇంతకన్నా తక్కువే వస్తుంది, కంగారుపడొద్దు.

తేడా కనబడగానే సర్దుబాటు ఎంట్రీ వేసి మూసేయడమే పెద్ద తప్పు. అంకెను ముందు చదవండి:

- ఒకటి 12 తక్కువ, దాని పక్క రకం 12 ఎక్కువ: తీసేటప్పుడు మారిపోయింది. గడులు దూరం చేయండి.
- సరిగ్గా 24 లేదా పెట్టె లెక్కలో తేడా: యూనిట్ తప్పు. ఒక పెట్టెను ఒక పీసుగానో, పీసును పెట్టెగానో కొట్టారు.
- ఎప్పుడూ కొంచెం ఎక్కువే: ఫ్రీ సరుకు ఎక్కించడం లేదు, లేదా వాపసు సరుకు క్రెడిట్ నోట్ లేకుండా రాక్‌లోకి వెళ్తోంది.
- ఒక పాత బిల్లు అంకెతో సరిపోయే తేడా: బిల్లు అయి సరుకు పోలేదు, లేదా సరుకు పోయి బిల్లు రద్దయింది.
- చిన్న, ఖరీదైన ఐటమ్, ప్రతి వారం ఒకటి రెండు తక్కువ: దొంగతనం. తాళం గడిలోకి మార్చండి, ఎవరినీ అనకముందే.
- పుస్తకంలో నిల్వ మైనస్: ఐటమ్ రెండు పేర్లతో ఉంది, లేదా జీఆర్‌ఎన్ కంటే ముందు బిల్లు కొట్టారు.

కారణం దొరకనివాటికే సర్దుబాటు ఎంట్రీ. దానికి మీ సంతకం ఉండాలి, గుమస్తాది కాదు.

సంవత్సరాంతపు లెక్కింపు తప్పదు. ఆ రోజు సరుకు కదలిక ఆపి, చివరి బిల్లు నంబర్, చివరి జీఆర్‌ఎన్ నంబర్, చివరి చలాన్ నంబర్ లెక్కింపు చీటీ మీద మొదట రాయండి. ఆడిటర్ ముందు అడిగేది అవే.

నెలకోసారి ఇంకో అంకె చూసుకోండి. ఏడాదిలో అమ్మిన సరుకు కొన్న ధర రూ.2.4 కోట్లు, సగటు నిల్వ రూ.30 లక్షలు అయితే నిల్వ 8 సార్లు తిరిగినట్టు, అంటే సుమారు 45 రోజుల సరుకు మీ దగ్గర ఉంది. కంపెనీ మీకిచ్చే అప్పు గడువు 21 రోజులే అయితే మిగతా 24 రోజులకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో కూర్చుని ఆలోచించాలి.

11. ఇక సాఫ్ట్‌వేర్

రోజువారీ లెక్కింపులో 97 శాతం దాటే వరకు కొత్తది కొనకండి. అప్పటిదాకా ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్), ఒక ఎక్సెల్ షీట్, గడి దగ్గర వేలాడే బిన్ కార్డు (ఆ గడిలోకి వచ్చింది, పోయింది రాసే కార్డు) చాలు. తర్వాత డెమోకు పిలిచినప్పుడు వాళ్ల నమూనా డేటా చూడొద్దు. మీ సరుకుతోనే చేయించండి:

- పెట్టె, డజను, పీసు మార్పిడి
- ఒకే ఐటమ్‌కు రెండు ఎంఆర్‌పీలు
- గడువు తేదీ ప్రకారం పిక్ చీటీ
- ఫ్రీ సరుకు సున్నా ధరతో
- అంకె చూపకుండా లెక్కింపు
- మీ డేటా మొత్తం ఎక్సెల్‌లోకి బయటికి తీయడం

చివరిది కుదరదంటే వేరేవాళ్లను పిలవండి. కొన్నాక పాతదీ కొత్తదీ ఒక నెల పక్కపక్కనే నడపండి. మార్పు తేదీ నెల 1న ఉండాలి, దీపావళి, సంక్రాంతి నెలలు కాకూడదు. నెల మధ్యలో మారితే ఆ నెల జీఎస్‌టీ రిటర్న్ కోసం రెండు చోట్ల నుంచి బిల్లులు ఏరుకోవాల్సి వస్తుంది.